మాటల్లేని తొమ్మిది నిమిషాలు

“ఒక్కరు గూడ చప్పట్లు కొట్టకపోతే ఏంగావాలె?”

కౌసల్య ఈ మాట అనడం పొద్దున్నుంచి ఇది మూడోసారి. మొదటిసారి పొయ్యి మీది పాలగిన్నెతో అంది. రెండోసారి మొగుడు జగదీశ్‌తో అంది. జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్దింటి కారు నడిపే జగదీశ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, “నీకు ఫికర్ లేకుంటె అదొక ఫికర్,” అని నవ్వి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఇప్పుడు రహమత్ నగర్ గల్లీలోంచి ఫిల్మ్ నగర్ వైపు ఎగువకి ఆయాసపడుతున్న ఆటోలో, పక్కన ఇరుక్కుని కూర్చున్న లీలాకుమారితో అంటోంది.

“కొట్టకపోతే కొట్టరు. పిల్ల ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటుంది. అంతే కదక్కా,” అంది లీలాకుమారి.

“గట్లనకే. అన్నం తినకపోతే? మూలకు కూసొని లోపట్లోపట కుములుతె? మొన్న టీవీల జూడలె, గట్లనే ఒక పిల్ల...”

“అక్కా! శుభమా అని పోతున్నాం. ముందు ఆ టీవీ పిల్లని ఆటోలోంచి దించెయ్.”

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కౌసల్య కీడెంచేవరకు బాగానే వచ్చేది. ఆ తర్వాత మేలెంచడానికి ఆమెకి తీరిక దొరికేది కాదు. కూతురు ప్రణతి బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఆమె మనసు యూసుఫ్‌గూడ చౌరస్తాలో బస్సు కింద వెతికి, పోలీస్ స్టేషన్‌కి పోయి, ఆసుపత్రి మెట్లెక్కి దిగి వచ్చేసేది. పిల్లేమో గల్లీ మొదట్లో ఐసు పుల్ల చప్పరిస్తూ నిలబడి ఉండేది. ఇప్పుడు ఆ పిల్లకి ఇరవై నాలుగేళ్ళు. పుస్తకాల సంచీ పోయి భుజాన గిటారు వచ్చింది. తల్లి దిగులు మాత్రం మారలేదు.

కౌసల్యది, లీలాకుమారిది ఒకటే పని. గ్రూప్ డబ్బింగ్. సినిమాలో హీరో సంతలో నడుస్తుంటే వెనకాల వినిపించే బేరాల గోల, పెళ్ళిలో ఆడవాళ్ళ నవ్వులు, శవం లేచే ఇంట్లో ఏడుపులు తెర మీద కనబడే మనుషులవి కావు. ఫిల్మ్ నగర్‌లో గాలి చొరబడని ఒక గదిలో, చెప్పులు బయట విడిచి, మైకు చుట్టూ నిలబడ్డ ఎనిమిది మందివి. ఇరవై రెండేళ్ళుగా ఆ ఎనిమిది మందికి కౌసల్య పెద్ద. తెనాలి నుంచి వచ్చిన లీలాకుమారి ఏడుపుకి పెట్టింది పేరు. ఈల కావాలంటే నర్సింహ. ఆ పనిలో చేరిన రోజే నేర్పే పాఠం ఒకటుంది: మాట తెలియకూడదు, గోల తెలియాలి. వెనకవాళ్ళ మాట స్పష్టంగా వినబడితే హీరో మాట దెబ్బతింటుంది. అందుకే సంత సీనులో కౌసల్య వంకాయలు కిలో ఎంత అని అడగదు. అడిగినట్టుండే ఏదో ఒకటి గొణుగుతుంది.

ఇంట్లో చూసేవాళ్ళు లేక ప్రణతిని నాలుగేళ్ళ వయసు నుంచే ఆ గదికి వెంట తీసుకుపోయేది. మూలన చాప మీద కూర్చోబెట్టి, నోటి మీద వేలుంచి, “సప్పుడు జెయ్యకు బిడ్డా,” అనేది. పిల్ల సప్పుడు చేసేది కాదు. గంటలకొద్దీ గోడకి చెవి ఆనించి కూర్చునేది. ఏమింటున్నవే అని అడిగితే, “అందరు ఊకున్నప్పుడు గది ఒక తీరుగ మూలుగుతదమ్మా,” అని చెప్పింది ఒకనాడు. కౌసల్య మర్నాడే పిల్లని చెవుల డాక్టరుకి చూపించింది.

ఆ పిల్ల ఇప్పుడు సృజన్, రష్మి అనే ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక బ్యాండు పెట్టింది. సృజన్ డ్రమ్స్, రష్మి బేస్ గిటారు, ప్రణతి గిటారు. బ్యాండు పేరు ‘సప్పుడు’. రహమత్ నగర్‌లో ఒక పిండి గిర్ని మీది గదిలో సాధన. కింద గిర్ని ఆడుతుంటే పైన ఎంత మోత మోగినా ఇరుగుపొరుగు కొట్లాటకి రారు. సాయంత్రం మెట్లు దిగేసరికి ముగ్గురి కనుబొమ్మలూ పిండితో నెరిసి ఉంటాయి.

వాళ్ళు వాయించేదానికి మాటలుండవు. మొదటిసారి కౌసల్య గుమ్మంలో పావుగంట ఓపిగ్గా నిలబడి, “పాట ఎప్పుడు షురూ అయితది?” అని అడిగింది.

“ఇదే పాటమ్మా. అయిపోయింది గూడ.”

“మరి మాటలేవి?”

“మాటలుండయి.”

“పాడేటోళ్ళు దొరకలేదా బిడ్డా? మా గ్రూపుల అడగనా?”

సృజన్ నవ్వాపుకోలేక డ్రమ్ము వెనక దాక్కున్నాడు. కౌసల్యకి మాత్రం నవ్వు రాలేదు. సినిమావాళ్ళ మధ్య బతికిన మనిషి ఆమె. ట్యూను ముందు పుడుతుంది, మాటలు తర్వాత వస్తాయని తెలుసు. మాటలు రాని ట్యూను పేరు పెట్టని బిడ్డ లాంటిది. దాన్ని ఎవరు పిలుస్తారు? ఏమని పిలుస్తారు?

ప్రణతి కాలి దగ్గర ఒక చిన్న ఇనుప డబ్బా ఉంటుంది. అదంటే కౌసల్యకి మరీ గుబులు. ఒక ఆదివారం వంటింట్లో కుక్కరు మూడో కూత కూసింది. ఆమె స్టవ్ ఆపేసింది. కాసేపటికి ముందు గదిలోంచి అదే కూత మళ్ళీ వచ్చింది. కాని సాగి సాగి, సన్నబడి, ఎక్కడో గుట్టలవతల రైలు పోతున్నట్టు వచ్చింది. కౌసల్య కుక్కరు పేలబోతోందని సిలిండరు కూడా కట్టేసి బయటికి ఉరికింది. చూస్తే పిల్ల వంటింటి వైపు మైకు పెట్టుకుని, డబ్బా మీద కాలేసి కూర్చుని ఉంది.

“ఈ డబ్బ ఎప్పుడూ ఇనుకుంటనే ఉంటదమ్మా. నేను కాలేస్తె, అప్పటిదాంక ఇన్నదాన్ని మళ్ళ మళ్ళ చెప్తది. ఎంత మెల్లగ చెప్పమంటె గంత మెల్లగ.”

“మనింట్ల ముచ్చట్లన్ని ఇంటదా?” అంది కౌసల్య. ఆనాటి నుంచి ఆ డబ్బా ఉన్న గదిలో ఆడబిడ్డ ఊసెత్తడం మానేసింది.

జూబ్లీ హిల్స్‌లో ఒక కాఫీ హోటల్ డాబా మీద ‘సప్పుడు’ మూడుసార్లు వాయించింది. ఒకసారి కౌసల్య కూడా వెళ్ళి గోడవారన నిలబడింది. వాళ్ళు వాయిస్తూనే ఉన్నారు, జనం తింటూనే ఉన్నారు. పాట ఆగింది. ఆగిందని కూడా ఎవరికీ తెలియలేదు. ఒక్క చెయ్యి కూడా ఇంకో చేతిని తాకలేదు. ప్రణతి తీగల మీద అరచెయ్యి ఆనించి, తలొంచుకుని, అలాగే ఉండిపోయింది. పిల్ల అలా తలొంచుకోవడం కౌసల్య గుండెలో మేకులా దిగింది.

ఆ రోజు చెంచా కింద పెట్టేసి విన్నవాడు ఒక్కడున్నాడని ఆమెకి తర్వాత తెలిసింది. ఆయన పేరు రవిచంద్ర. తొలి సినిమా తీస్తున్న దర్శకుడు. ఆ సినిమాలో ఒకచోట తొమ్మిది నిమిషాలు ఎవరూ మాట్లాడరట. అక్కడ ‘సప్పుడు’ వాయించాలని ఆయన పట్టు. పాటే పడాలని నిర్మాత బసవపున్నయ్య గారి పట్టు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ప్రివ్యూ థియేటర్‌లో తెర మీద సీను నడుస్తుంటే పిల్లలు తెర ముందు కూర్చుని వాయించాలి. విని, అక్కడికక్కడే అవునో కాదో చెప్తానన్నారు బసవపున్నయ్య గారు.

“ఇదొక్కటేనమ్మా,” అంది ప్రణతి ముందు రోజు, గిటారుకి తీగలు మారుస్తూ. “ఇది గాకపోతె సప్పుడు బందు. సృజన్‌కు పుణెల కొలువొచ్చింది, సోమవారం లోపట చెప్పాలె. రష్మి ఇంట్ల గూడ ఇగ సాలన్నరు. నేను గూడ నీ ఎంబడి డబ్బింగుకే వస్త.”

నిజానికి ఆ చివరి మాటకి కౌసల్య సంతోషపడాలి. రమ్మని తనే ఎన్నిసార్లు పిలిచింది! కాని ఆ మాట అన్నాక పిల్ల పాత తీగని తెగ జాగ్రత్తగా చుట్ట చుట్టి జేబులో పెట్టుకుంది. పారేసే తీగని ఎవరైనా అలా దాచుకుంటారా? సంతోషం రాలేదు. దాని బదులు ఒక ఆలోచన వచ్చింది.

చప్పట్లే కదా కావలసింది? చప్పట్లు ఆమె చేతిలో పని. ఎంతమంది హీరోలకి కొట్టలేదు! ప్రివ్యూ పదిన్నరకి. అదే బిల్డింగులో పై అంతస్తులో తన గ్రూపుకి పన్నెండింటికి డబ్బింగు. మిగతా ఏడుగురినీ పదింటికే వచ్చెయ్యమని కబురు పెట్టింది. ప్రణతికి మాత్రం చెప్పలేదు.

“ఈల ఏ సైజుది గావాలె అక్కా?” అని అడిగాడు నర్సింహ, థియేటర్ ఎదుట చాయ్ బండి దగ్గర. “హీరో ఎంట్రీదా, ఇంటర్వెల్‌దా?”

“నడిమిది. మరీ లేపకు, అనుమానం వస్తది. నేను కొంగు ఎత్తంగనే అందరు షురూ. దించంగనే బందు. రోజు జేసేదే కదా.”

“రోజు మన మొహాలు ఎవ్వనికి కనబడవక్కా. గీడ ఎనక్కి మళ్ళి చూస్తె?”

“చూస్తె చూడనీ. నవ్వు మొహం పెట్టు.”

లీలాకుమారి చాయ్ గ్లాసు బండి మీద పెట్టింది. “అసలు ప్రివ్యూలో చప్పట్లేంటి అక్కా, ఎక్కడైనా ఉందా?”

లేదు. ఆ సంగతి కౌసల్యకీ తెలుసు. ఫిల్మ్ నగర్‌లో ప్రివ్యూ చూసినవాళ్ళు చప్పట్లు కొట్టరు, చెడ్డమాటా చెప్పరు. “బాగుందండీ, బాగుంది” అని నిర్మాత చెయ్యి పట్టుకుని ఊపి, చెప్పుల వైపు చూసుకుంటూ కారెక్కేస్తారు. ఎంత గబగబా ఊపితే సినిమా అంత పోయినట్టు. ఇరవై రెండేళ్ళలో ఆ మెట్ల మీద ఎన్ని చేతులు ఊగడం చూసిందో ఆమె. ‘బాగుంది’ అంటే చాలు, చావు కబురులా వినబడేది. బసవపున్నయ్య గారి నోట ఆ మాట వచ్చేలోపే చప్పట్లు పడాలి. పదిమంది మెచ్చినదాన్ని ఆయన ఒక్కడూ కాదనలేడు. ఇదీ ఆమె లెక్క.

ప్రొజెక్టరు నడిపే ఓంప్రకాష్ వాళ్ళకి ఏళ్ళుగా తెలిసినవాడు. దీపాలు తగ్గాక వాళ్ళని పక్క తలుపులోంచి పంపి, చివరి వరుసలో కూర్చోబెట్టాడు. ఏసీ చలికి కౌసల్య కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, ఇది సైగ కాదని పక్కవాళ్ళకి తల ఊపి చెప్పింది.

తెర ముందు ముగ్గురు పిల్లలు నీడల్లా కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్యలో ఒక మైకు నిలబెట్టి ఉంది. దాని దగ్గర ఎవరూ లేరు. పైగా అది కుర్చీల వైపు తిరిగి ఉంది.

“అయ్యో, పాడేటోళ్ళు ఎగ్గొట్టిన్రు!” అని కౌసల్య గుండె మీద చెయ్యేసుకుంది.

“పాడనీకి గాదట అక్కా,” అన్నాడు ఓంప్రకాష్ చెవిలో. “పాప పొద్దుగాల్నే చెప్పింది. అది హాలుకట. అందరు సప్పుడు జెయ్యకుండ ఉన్నప్పుడు హాలు ఎట్ల మూలుగుతదో, అది గూడ పాటల గావాల్నట.”

ఆ మాట ఎక్కడో విన్నట్టే ఉంది. కాని అదేమిటో తలుచుకునేంత తీరిక ఆమె భయం ఇవ్వలేదు. మూడో వరుసలోంచి బసవపున్నయ్య గారి గొంతు వినబడుతోంది. తెల్ల చొక్కా, నెరిసిన జుట్టు, ముందుకి వంగిన భుజాలు. అంతే కనబడుతున్నాడాయన.

“కానివ్వండి, వింటాను. కానీ రవిచంద్ర గారూ, మళ్ళీ చెబుతున్నానని అనుకోకండి. ఇక్కడ నాలుగు మంచి మాటలతో పాట పడిందనుకోండి, జనం కళ్ళు తుడుచుకుంటారు. మాటే లేకపోతే దేన్ని పట్టుకుని ఏడుస్తారండీ?”

“ఒక్కసారి వినండి సార్. తర్వాత మీ ఇష్టం,” అన్నాడు రవిచంద్ర.

పెద్దాయన అన్నదాంట్లో తప్పేముంది అనుకుంది కౌసల్య. తనూ అదే కదా అడిగింది.

తెర వెలిగింది. బండలు. ఎక్కడ చూసినా బండలు. జూబ్లీ హిల్స్‌లో ఇంకా ఇళ్ళు లేవని కథ. రాబోయే బంగళాల కోసం రాయి కొట్టే కూలి జంట. బండలు పగలగొట్టే మందు పేలింది, బండలు దొర్లాయి, మొగుడు వాటి కింద పడిపోయాడు. పెళ్ళాం ఒక్కతే రాళ్ళు తీస్తోంది. ఒకటి తీసి పక్కన పెట్టి, ఇంకోటి తీస్తోంది. అంతే, ఇంకేం లేదు. ఆ సీనుకి ఇంకా చప్పుళ్ళు అతకలేదు. రాయి మీద రాయి పడుతున్నా మూగగానే పడుతోంది.

కౌసల్య తల్లి కొమురమ్మ ఈ గుట్టల్లోనే కంకర కొట్టింది. ఆమె కూతురి తల నిమిరితే అరచేతి పగుళ్ళలో వెంట్రుకలు చిక్కుకుని చురుక్కుమనేవి. ఆ చురుకు ముప్పై ఏళ్ళ తర్వాత కౌసల్య మాడు మీద ఇప్పుడు తగిలింది.

ప్రణతి ఒకే ఒక్క తీగ మీటింది.

ఆ చప్పుడు పోలేదు. మోగి, సన్నబడి, ఇక పోయిందనుకునేసరికి దాని వెనక ఇంకోటి వచ్చి చేరింది. దాని వెనక మరోటి. దూరంగా కొండ మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే, మొదటిది ఎప్పుడు వెలిగిందో మర్చిపోతామే, అలా. రష్మి బేసు చెవికి వినబడలేదు. కుర్చీలోంచి నడుముకి, నేలలోంచి అరికాళ్ళకి తెలిసింది. భూమి లోపల ఎవరో తలుపు తోస్తున్నారు. సృజన్ కర్రలకి గుడ్డ చుట్టాడు. తెర మీది ఆమె రాయి ఎత్తినప్పుడల్లా ఒక దెబ్బ. దించినప్పుడు ఇంకోటి. రాళ్ళకి బరువు వచ్చింది. ఇందాక అట్టముక్కల్లా కనబడ్డ రాళ్ళు ఇప్పుడు చూస్తుంటే కౌసల్య చేతులు గుంజుతున్నాయి.

సంగీతం పెరుగుతోంది. ఎవరూ తొందరపడటం లేదు. బోనాల నాడు గల్లీ మలుపు అవతల డప్పులు ఇంకా కనబడకముందే గుండెకి తగులుతాయి. అమ్మవారు వస్తోందని తెలుస్తుంది, పక్కకి తప్పుకోవాలనిపిస్తుంది, కాళ్ళు కదలవు. అలాంటి భయం అది. కౌసల్య అలవాటుకొద్దీ పైకప్పు చూసింది, కూలుతుందేమోనని. తలుపెక్కడుందో చూసుకుంది. ఆ తర్వాత చూడటం మర్చిపోయింది. ఆ మోతలో ప్రణతి మొహం మీద తెర వెలుతురు పడి పోతోంది. ఆ మొహంలో తన పోలిక లేదు, జగదీశ్ పోలిక లేదు. తొమ్మిది నెలలు మోసి, ఇరవై నాలుగేళ్ళు వెంటబడి కాపలా కాసిన పిల్ల. ఇంత పెద్ద మోతని లోపల ఎక్కడ దాచుకుంది?

తెర మీద పొద్దు వాలింది. ఆమె చివరి రాయి పక్కకి తోసింది. మట్టిలోంచి ఒక చెయ్యి.

ముగ్గురూ ఒక్కసారిగా ఆపేశారు.

హాలంతా నిశ్శబ్దం. కౌసల్య ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టింది. ప్రణతి తీగల మీద అరచెయ్యి ఆనించి, తలొంచుకుని ఉంది. అచ్చం కాఫీ హోటల్లో లాగే. ఆరు, ఏడు. డబ్బింగు గదిలో ఇలాంటి నిశ్శబ్దానికి ఒకటే అర్థం: ఎవరో తప్పు చేశారు, అద్దం అవతలి నుంచి తిట్లు రాబోతున్నాయి. తీగ తెగిందా? చెయ్యి పట్టేసిందా? మర్చిపోయిందా? అదిగో, బసవపున్నయ్య గారు కుర్చీలో కదిలారు. ఇప్పుడు అంటారు ‘బాగుంది’ అని. అయిపోయింది, అంతా అయిపోయింది.

కౌసల్య కొంగు ఎత్తింది.

ఎనిమిది మంది, పదహారు చేతులు. ఆ పనిలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. చప్పట్లు హాలంతా కురిశాయి. నర్సింహ నడిమి సైజు ఈల వేశాడు. కౌసల్య కొంగు వేళ్ళ మధ్యే ఉంచుకుని అందరికంటే గట్టిగా కొట్టింది, రెండు చేతుల గాజులూ గలగలలాడేలా.

అప్పుడు చూసింది. తెర ఆగలేదు. అందులో ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని ఇంకా కూర్చునే ఉంది. సృజన్ కర్రతో తొడ మీద నెమ్మదిగా తాళం లెక్కపెడుతున్నాడు. వాళ్ళు మర్చిపోలేదు. అక్కడ ఆగాలనే ఆగారు.

ఆడది మొగుడి శవం పట్టుకుని కూర్చుంటే కౌసల్య చప్పట్లు కొట్టించింది.

“ఎవరయ్యా అది?” అని ముందు వరుసలోంచి ఎవరో కసిరారు. బసవపున్నయ్య గారు వెనక్కి తిరిగి చూశారు. కొంగు దానంతటదే జారింది. చప్పట్లు చచ్చిపోయాయి. “చంపేశావక్కా,” అని ఊపిరితో అంది లీలాకుమారి. ఏ కీడు జరుగుతుందోనని ఇన్నాళ్ళూ ఎదురుచూసిందో ఆ కీడు తన చేతులతోనే జరిగింది. నేల చీలితే బాగుండుననుకుంది.

ప్రణతి తలెత్తింది. చీకట్లో చివరి వరుస కనబడే వీలు లేదు. కాని ఆ గాజుల మోత పుట్టినప్పటి నుంచి విన్నది. ఒక్క క్షణం ఆ వైపే చూసింది. కోపమో, జాలో తెలియలేదు. తర్వాత వంగి, కాలు చాపి, ఇనుప డబ్బా నొక్కింది.

ఎక్కడో చాలా దూరాన చప్పట్లు మొదలయ్యాయి.

కౌసల్య ఉలిక్కిపడి తన వాళ్ళని చూసింది. అందరి చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. చప్పట్లు స్పీకర్లలోంచి వస్తున్నాయి. సన్నగా, నాలుగు చినుకులు ఎండిన నేల మీద పడ్డట్టు. మళ్ళీ అవే వచ్చాయి, కొంచెం ఎక్కువై. మళ్ళీ. ప్రణతి మోకాళ్ళ మీద కూర్చుని డబ్బా మీటలు తిప్పుతోంది. చప్పట్లు ఒకదాని మీద ఒకటి పడి, మెత్తబడి, చేతులన్న గుర్తు చెరిగిపోయింది. నర్సింహ ఈల సాగి సాగి, బండల సందుల్లోంచి వచ్చే గాలి అయింది. తెర మీద ఆకాశం నల్లబడింది. రాళ్ళు తీసిన ఆమె తలెత్తి చూసింది.

వాన పడింది.

తెర మీద మూగగా పడుతున్న వానకి హాలంతా చప్పుడు వచ్చింది. ప్రతి చినుకూ వినబడింది. బండల మీద, మట్టి మీద, ఆమె వీపు మీద, చచ్చిపోయినవాడి చేతి మీద కురిసింది. నర్సింహ తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఇవేనా అన్నట్టు. ఆ వాన అడుగున, ఎక్కడో ఒక రేకుల చూరు మీద పడుతున్నట్టు, ఒక సన్నని గలగల. కౌసల్య తన గాజుల్ని పట్టుకుని ఆపింది. గలగల ఆగలేదు. అది ఇప్పుడు తనది కాదు, వానది. ఇరవై రెండేళ్ళుగా ఆమె చేసిన చప్పుళ్ళన్నీ ఎవరో హీరో వెనక పడి ఉండేవి. ఇప్పుడు ముందర ఎవరూ లేరు. కొండంత వాన, దానికింద ఒక ఆడమనిషి, ఆ వాన లోపలి నుంచి దారి చేసుకుంటూ పైకి వస్తున్న తన బిడ్డ గిటారు.

గది మూలుగుతుందని నాలుగేళ్ళ పిల్ల చెబితే డాక్టరుకి చూపించింది తను. పిల్ల విన్నది ఇది. అప్పటి నుంచీ వింటూనే ఉంది.

పక్కకి చూస్తే లీలాకుమారి ఏడుస్తోంది. శోకాల్లేవు, వెక్కుల్లేవు, కన్నీరు కారిపోతోందంతే. చప్పుడు లేకుండా లీల ఏడవడం కౌసల్య చూడటం ఇదే మొదటిసారి. పట్టుకుని ఏడవడానికి మాట కావాలన్నారు పెద్దాయన. దేన్ని పట్టుకుందో ఈ లీల?

డ్రమ్ము ఆగింది. బేసు నేలలోకి ఇంకిపోయింది. గిటారు పోయింది. వాన పలచబడింది. నాలుగు చినుకులు మిగిలాయి, తర్వాత రెండు. చిట్టచివర గాజుల గలగల ఒక్కటి. ఆ తర్వాత అదీ లేదు. తెర తెల్లబడింది.

ఎవరూ కదలలేదు.

గ్రూపంతా కౌసల్య వైపు తిరిగింది. చేతులు సిద్ధంగా ఉన్నాయి. నర్సింహ రెండు వేళ్ళు పెదవుల దాకా తెచ్చాడు. కౌసల్య కొంగు చేతిలోకి తీసుకుంది. తీసుకుని, నడుము చుట్టూ తిప్పి, గట్టిగా దోపుకుంది. నోటి మీద వేలుంచి వాళ్ళందరినీ చూసింది.

“ఏమంటారు సార్?” అని అడిగాడు రవిచంద్ర.

బసవపున్నయ్య గారు తెల్లటి తెర వైపే చూస్తున్నారు. పక్కనున్న అసిస్టెంటు ఫోను వెలిగి, వణికి, ఆరిపోయింది. ఆయన లేవలేదు. చెప్పుల వైపు చూడలేదు. ఎవరి చెయ్యీ ఊపలేదు. ‘బాగుంది’ అనలేదు. ఏసీ మూలుగుతోంది. హాలు దాని కింద ఇంకోలా మూలుగుతోంది. మొదటిసారి కౌసల్య చెవికి అది వినబడింది. ప్రణతి తీగల మీద అరచెయ్యి ఆనించి, తలెత్తి, చివరి వరుస వైపే చూస్తోంది. సృజన్ కర్రలు రెండూ ఒకే పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు. రష్మి కళ్ళు మూసుకుంది. నిమిషం అయిందో, రెండయిందో. ఇంతసేపు ఊరకున్న మనిషి ఏం చెబుతాడో ఊహించబోయి కౌసల్య ఊహించలేకపోయింది. ఎంత వెతికినా ఆమెకి ఒక్క కీడూ దొరకలేదు.

పెద్దాయన చేత్తో మొహం తుడుచుకున్నారు. ఒకసారికి సరిపడలేదు. మళ్ళీ తుడుచుకున్నారు.

“ఇంకొక్కసారి వాయించండమ్మా,” అన్నారు, తెర మీంచి చూపు తిప్పకుండానే. “వెనకాల ఆ చప్పట్లు కొట్టినవాళ్ళని మాత్రం వెళ్ళిపోనివ్వకండి.”